దొంగతనం జరిగితే కేసు ఎందుకు పెట్టాలి? కాలనీ భద్రత, నేరాల లెక్క
డబుల్ బెడ్‌రూం ఇళ్ల లబ్ధిదారులకు వివరణ

పట్టా చేతికొచ్చి, పాలు పొంగించి, సామాను సర్దుకున్నాక డబుల్ బెడ్‌రూం కాలనీల్లో ముందుగా వినపడేది నీళ్ల సంగతి, లిఫ్టు సంగతి. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకోటి ఉంటుంది. "సార్, ఇక్కడ భద్రమేనా? పాప డ్యూటీ నుంచి రాత్రిపూట వస్తుంది, పర్వాలేదా?"

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు "ఆ ఫ్లాట్ల దిక్కు పోకండి" అంటారు. కాలనీ కమిటీవాళ్లు "మా దగ్గర ఒక్క కేసు కూడా లేదు" అంటారు. ఈ రెండు మాటల్లో దేన్నీ అట్లాగే నమ్మడానికి లేదు. ఎందుకో తెలియాలంటే నేరాల లెక్క ఎలా తయారవుతుందో కొంచెం తెలుసుకోవాలి. అది తెలిస్తే మీ కాలనీ వైపు పెట్రోలింగ్ బండి ఎందుకు తక్కువగా వస్తుందో కూడా అర్థమవుతుంది. అందుకే కాస్త ఓపికగా చదవండి.

కేసు పెడితే ఇల్లు పోతుందా?

ముందు ఈ భయం సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ దీని దగ్గరే ఆగిపోతున్నాయి. నల్లాలు విప్పుకుపోయారు, ఖాళీ ఫ్లాట్‌లో కరెంటు వైరు లాగేశారు, కింద పెట్టిన బండిలో పెట్రోలు తీశారు, సిలిండర్ మాయమైంది. ఠాణాకి వెళ్లారా అని అడిగితే వచ్చే జవాబులు మూడే: "కాలనీకి చెడ్డపేరు వస్తుంది", "పోయింది ఎలాగూ రాదు", "ఇల్లు క్యాన్సిల్ చేస్తారేమో".

క్యాన్సిల్ చేయరు. ఇల్లు రద్దయ్యే షరతులు వేరే ఉన్నాయి. ఇంటిని అమ్ముకోవడం, కిరాయికి ఇవ్వడం, అసలు అందులో ఉండకపోవడం: నోటీసులు వచ్చేది ఇలాంటి వాటికి. దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేయడం ఏ షరతుకీ విరుద్ధం కాదు. దొంగ ఎవరో కనుక్కోవడానికి పోలీసులకి మీ పట్టాతో పనిలేదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "మేం కిరాయికి ఉంటున్నాం, మాకు ఫిర్యాదు హక్కు లేదు" అనుకునే కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, వస్తువు పోయినవాళ్లు, దెబ్బ తగిలినవాళ్లు ఫిర్యాదు చేయవచ్చు. కిరాయి తప్పా ఒప్పా అన్నది వేరే శాఖ చూసుకునే సంగతి.

చెడ్డపేరు విషయానికి వస్తే, లెక్కలు చూడాల్సిందే.

లక్షకి ఎంత?

దేశంలో నేరాల లెక్కలు కూడగట్టేది జాతీయ నేర గణాంకాల సంస్థ. ఈ సంస్థ 1986లో ఏర్పడింది. ఏటా వచ్చే దేశ నేర నివేదిక అంతకన్నా పాతది, 1953 సంవత్సరం లెక్కలతో మొదలైంది. పేపర్లలో, టీవీల్లో వినపడే 'నేరాల రేటు' అంటే లక్ష జనాభాకి ఒక ఏడాదిలో ఎన్ని కేసులు నమోదయ్యాయి అని. 'జరిగాయి' అనలేదు, 'నమోదయ్యాయి' అన్నాను. మొత్తం సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది ఏ కాలనీదీ కాదు, లెక్క అర్థం కావడానికి మాత్రమే. ఒక కాలనీలో 2,000 ఇళ్లు ఉన్నాయి. ఇంటికి నలుగురు చొప్పున 8,000 మంది. ఏడాదిలో 16 దొంగతనాలు జరిగాయి. లక్షకి లెక్కేస్తే రేటు 200. కానీ 2,000 ఇళ్లు కేటాయించారు తప్ప నిజంగా వచ్చి ఉంటున్నవి 1,000 కుటుంబాలే అనుకోండి. అప్పుడు జనం 4,000. అవే 16 దొంగతనాలు, రేటు మాత్రం 400.

ఇప్పుడు ఆ 16లో నలుగురే ఠాణాకి వెళ్లారనుకోండి. కాగితం మీద 8,000 మందికి 4 కేసులు, అంటే రేటు 50. పక్కనే లక్ష జనాభా ఉన్న పట్టణంలో 120 దొంగతనం కేసులు నమోదయ్యాయి, అక్కడ రేటు 120. చూసేవాళ్లకి ఏమనిపిస్తుంది? కాలనీ పట్టణం కన్నా రెండింతలు భద్రంగా ఉందనిపిస్తుంది. లోపల ఉండేవాళ్లకి మాత్రం నిజమైన రేటు 400 అని అనుభవంలో తెలుసు. రాత్రి నిద్ర పట్టనిది వాళ్లకే.

ఇంకో చిక్కుంది. నివేదికల్లో వాడే జనాభా 2011 జనగణన ఆధారంగా వేసిన అంచనా. మన డబుల్ బెడ్‌రూం కాలనీలన్నీ ఆ తర్వాత కట్టినవే. సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు ఇచ్చింది 2015లో. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్ల కాలనీ ప్రారంభమైంది 2023 జూన్‌లో. అంటే నిన్నటిదాకా ఖాళీ జాగా ఉన్నచోట ఒక చిన్న పట్టణమంత జనం వచ్చి చేరారు, లెక్కల్లో ఆ ఊరు ఇంకా పాత ఊరే. కేసులు పెరిగితే 'ఈ ఊళ్లో నేరాలు పెరిగాయి' అనే మాట వస్తుంది. జనం ఎంత పెరిగారన్నది పక్కన ఎవరూ రాయరు.

ఇంకో సంగతి. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే లెక్కలోకి వచ్చేది వాటిలో పెద్దది ఒక్కటే. ఇంట్లో దూరి, కొట్టి, నగలు లాక్కుని, ప్రాణం తీస్తే అది హత్య కేసు కిందే లెక్క. మిగతావి ఆ పట్టికలో కనపడవు.

పైగా ఈ జాతీయ నివేదిక రేట్లు ఇచ్చేది రాష్ట్రాలకీ, 20 లక్షలు దాటిన నగరాలకీ. కాలనీలవారీ రేటు అందులో ఉండదు. కాబట్టి "ఫలానా కాలనీ రాష్ట్రంలోనే నేరాల్లో నంబర్ వన్" అని వాట్సాప్‌లో వస్తే, ఆ నంబరు ఏ కాగితంలో ఉందో చూపించమనండి.

కేసులు పెరిగితే అది చెడు వార్తేనా?

ప్రతి డిసెంబర్ చివర్లో ఎస్పీలు, కమిషనర్లు ఏడాది లెక్కలు విడుదల చేస్తారు. మర్నాడు జిల్లా పేజీల్లో 'పెరిగిన నేరాలు' అనో 'తగ్గిన నేరాలు' అనో హెడ్డింగు వస్తుంది. నేను చదివింది జర్నలిజమే కాబట్టి చెబుతున్నా, ఆ హెడ్డింగు పెట్టడం చాలా సులువు. నేరం పెరగడం వేరు, నేరం నమోదు కావడం పెరగడం వేరు అని జాతీయ నివేదికలోనే హెచ్చరిక ఉంటుంది. ఆ ముక్క హెడ్డింగులోకి ఎక్కదు.

నిరుడు భయపడి ఊరుకున్న పది మంది ఈ ఏడు ధైర్యంగా ఠాణాకి వెళితే కేసులు పది పెరుగుతాయి. కాలనీ చెడిపోయినట్టా, బాగుపడుతున్నట్టా? నా లెక్కలో బాగుపడుతున్నట్టే. ఒక్క కేసూ లేని కాలనీ గొప్ప కాలనీ అని ఎవరైనా అంటే, అక్కడి ఆడవాళ్లని విడిగా అడిగి చూడమంటాను.

దీని వల్ల మీకు నేరుగా వచ్చే నష్టం ఒకటుంది. ఠాణాలో సిబ్బంది కొద్దిమంది, చూడాల్సిన ప్రాంతం పెద్దది. బ్లూ కోల్ట్స్ బండ్లు రాత్రి ఏ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరగాలి, బీట్ ఎక్కడ వేయాలి అని నిర్ణయించేటప్పుడు చూసేది ఎక్కడి నుంచి కాల్స్ వస్తున్నాయి, ఎక్కడ కేసులవుతున్నాయి అని. మీ కాలనీ నుంచి కాల్ లేదు, కేసు లేదు అంటే, అక్కడ అవసరం లేదనే అర్థం చేసుకుంటారు. మీరు మౌనంగా ఉన్న ప్రతిసారీ పెట్రోలింగ్ బండి ఇంకో రోడ్డుకి తిరుగుతుంది.

ఎవరు చేస్తున్నారు?

"బయటి నుంచి వస్తున్నారు", "ఆ బ్లాకువాళ్లే". ఈ రెండు మాటలు ప్రతి కాలనీలోనూ వినపడతాయి. దీని వెనక ఒక కారణం ఉంది. ఐడీహెచ్ లాంటి చోట్ల పాత బస్తీ ఉన్న జాగాలోనే ఇళ్లు కట్టి, ఆ బస్తీవాళ్లకే ఇచ్చారు. అక్కడ పక్కింటివాళ్లు పాత పక్కింటివాళ్లే. శివార్లలోని పెద్ద కాలనీల్లో అలా కాదు. లాటరీలో పేరు వచ్చినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఎదురింటి తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. బస్తీలో కొత్త మనిషి గల్లీలోకి వస్తే "ఎవరింటికి?" అని అరుగు మీద ముసలమ్మ అడిగేది. తొమ్మిదో అంతస్తులో అరుగు లేదు. లిఫ్టులో పక్కన నిలబడింది పొరుగువాడో పరాయివాడో తెలియనప్పుడు అనుమానం పెరగడం సహజమే. కానీ అనుమానం ఆధారం కాదు. పేరు, కులం, మతం, పాత బస్తీ చూసి ఒక కుటుంబం మీద నింద వేయడం తప్పు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి 'దొంగ' అని రాస్తే కేసు మీ మీదకే రావచ్చు.

అనుమానితుడు దొరికితే కట్టేసి కొట్టకండి. 100కి ఫోన్ చేసి అప్పగించండి. గుంపుగా కొట్టి చంపితే భారతీయ న్యాయ సంహితలో మరణశిక్ష దాకా ఉంది.

ఇక, భయం ఎప్పుడూ గేటు వైపే చూస్తుంది కానీ లెక్కలు ఇంటి లోపలికి చూపిస్తాయి. మహిళల మీద నేరాల్లో దేశమంతటా ఏళ్ల తరబడి అన్నిటికన్నా ఎక్కువగా నమోదవుతున్నది భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింస. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్లు. గేటు దగ్గర కెమెరా పెడితే ఇది ఆగదు. పక్క ఫ్లాట్‌లో రోజూ అరుపులు వినపడుతుంటే "వాళ్లింటి పంచాయితీ మనకెందుకు" అనుకోకండి. 181కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు, బాధితురాలే చేయాలని లేదు. జిల్లాలోని సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కొన్ని రోజులు తలదాచుకునే వసతి ఒక్కచోటే దొరుకుతాయి.

ఫిర్యాదు ఎలా చేయాలి

అప్పుడే జరుగుతుంటే, లేదా ఇంకా ప్రమాదం ఉంటే 100 లేదా 112. బ్లాకు నంబరు, ఫ్లాట్ నంబరు, దగ్గరున్న గేటు చెప్పండి. అన్ని బ్లాకులూ ఒకేలా ఉంటాయి, చీకట్లో వచ్చే కానిస్టేబుల్ ఫలానా బ్లాకు కోసం అరగంట తిరిగితే దొంగకి లాభం. బ్లాకు నంబరు గోడ మీద పెద్దగా, దీపం పడేచోట రాయించుకోండి. ఖర్చు డబ్బా రంగు.

ఇంట్లో దొంగలు పడ్డట్టు కనపడితే ఏమీ సర్దకండి. బీరువా ముట్టుకోకండి, ఊడ్చకండి. క్లూస్ టీం వేలిముద్రలు తీసుకునేదాకా తలుపు దగ్గరే ఉండండి.

100కి ఫోన్ చేస్తే కేసు అయినట్టు కాదు. పోలీసులు వచ్చి చూసి వెళ్తారు, అంతే. కేసు కావాలంటే ఠాణాలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి. వాళ్లు రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఏం పోయింది, ఎప్పుడు చివరిసారి చూశారు, ఎప్పుడు గమనించారు, ఎవరి మీదైనా అనుమానం ఉందా, ఇవి చాలు. బిల్లులు, బండి కాగితాలు, నగ వేసుకున్న పాత ఫొటో ఉంటే తీసుకెళ్లండి. లేకపోయినా వెళ్లండి.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ మీకు పనికొచ్చేది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు, "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, అయితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. పైసలు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఫిర్యాదు తీసుకున్నట్టు ఇచ్చే రసీదు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. రసీదు చూసి కేసు అయిందనుకుని వచ్చేస్తారు. ఎఫ్‌ఐఆర్ మీద ఒక నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి. ఆ నంబరు లేకపోతే మీ దొంగతనం ఏ లెక్కలోకీ రాలేదన్నమాట.

"పోయింది రెండు వేలే, ఎవరు పట్టించుకుంటారు" అనే మాటకి కూడా చట్టంలో జవాబుంది. 5,000 రూపాయలలోపు మామూలు దొంగతనమైతే పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. కానీ మనుషులుండే ఇంట్లోంచి ఎత్తుకుపోతే అది న్యాయ సంహిత 305వ సెక్షన్ కిందకి వస్తుంది. విలువతో పనిలేదు, 7 ఏళ్ల దాకా శిక్ష. కాబట్టి పోయిన వస్తువు ఎక్కడి నుంచి పోయిందో స్పష్టంగా చెప్పండి. వంటింట్లోంచి పోయిన సిలిండర్ వేరు, రోడ్డు మీద పెట్టిన సైకిల్ వేరు.

ఠాణాలో తీసుకోకపోతే అదే ఫిర్యాదుని పోస్టులో ఎస్పీకి గానీ, కమిషనరేట్ అయితే డీసీపీకి గానీ పంపండి. పోస్టు రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లవచ్చు. దానికి మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. కేసు నమోదయ్యాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పాలి. చెప్పకపోతే మీరే వెళ్లి అడగండి, అది మీ హక్కు.

ఫోన్ పోతే ఎఫ్‌ఐఆర్‌తో పాటు సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు బ్లాక్ చేయించండి. ఆ నంబరు ఇప్పుడే, ఫోన్ చేతిలో ఉండగానే, *#06# కొట్టి ఒక కాగితం మీద రాసి బియ్యం డబ్బాలో పెట్టుకోండి. "ఇంటి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, లేకపోతే లిస్టులోంచి పేరు పోతుంది" అని ఫోన్ చేసి డబ్బు లాగేవాళ్లు ఉన్నారు. డబుల్ బెడ్‌రూం ఇల్లు లబ్ధిదారుకి ఉచితం. డబ్బు పంపేశారా, వెంటనే 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఖాళీ ఫ్లాట్లు, చీకటి మెట్లు

కొత్త కాలనీల్లో ఎక్కువ ఇబ్బంది ఖాళీ ఫ్లాట్ల దగ్గరే. తలుపు విరిగి ఉంటుంది, తాగేవాళ్లు చేరతారు, వైర్లు, నల్లాలు పోతాయి. మీరే వెళ్లి తాళం పగలగొట్టడం, వేరే తాళం వేయడం చేయకండి. ఏ బ్లాకులో ఏ నంబరు ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయో రాసి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. ఒకరు ఇచ్చే కన్నా బ్లాకు మొత్తం సంతకాలు పెడితే ఫైలు త్వరగా కదులుతుంది.

మెట్ల దగ్గర, లిఫ్టు ముందు, బైకులు పెట్టేచోట లైటు పోతే కెమెరా ఉన్నా లేనట్టే. ముందు లైటు, తర్వాత కెమెరా. చందాలు వేసుకుని కెమెరాలు పెట్టుకునే కాలనీలకి ఒక సలహా: రికార్డింగ్ పెట్టె వాచ్‌మన్ గదిలో పెట్టకండి, దొంగ దాన్ని కూడా తీసుకుపోతాడు. తాళం ఉన్న గదిలో ఉంచండి, తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో నెలకోసారి చూడండి. పాత రికార్డింగ్ మీద కొత్తది వచ్చి చెరిగిపోతుంది కాబట్టి ఏదైనా జరిగితే ఆ రోజే కాపీ తీయించండి.

పెట్రోలింగ్ కావాలంటే

"మాకు భయంగా ఉంది, పోలీసుల్ని పంపండి" అని రాసిన అర్జీకీ, "గత ఆరు నెలల్లో మా కాలనీలో ఈ ఎఫ్‌ఐఆర్‌లు అయ్యాయి, అందులో ఇన్ని రాత్రి 11 నుంచి 3 మధ్య, ఇన్ని వెనక గేటు వైపు" అని రాసిన అర్జీకీ చాలా తేడా ఉంటుంది. రెండో అర్జీని పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం. అందుకే ప్రతి బ్లాకులో ఒకరు, మహిళా సంఘం సభ్యురాలైతే ఇంకా మంచిది, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, సమయం, చోటు, ఏం జరిగింది, ఎఫ్‌ఐఆర్ నంబరు. బాధితుల పేర్లు రాయనక్కర్లేదు, ఆడపిల్లల విషయంలో అసలు రాయకూడదు. మీ దగ్గర నంబర్లు లేకపోతే సమాచార హక్కు కింద పోలీస్ శాఖ ప్రజా సమాచార అధికారిని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేదరిక రేఖ దిగువ కుటుంబాలకి ఫీజు లేదు, రుజువుగా కార్డు కాపీ జత చేస్తే చాలు.

ఫోన్‌లో దాచుకోవాల్సిన నంబర్లు: పోలీస్ 100, అత్యవసరం 112, అగ్నిమాపక 101, అంబులెన్స్ 108, మహిళలకి 181, పిల్లలకి 1098, వృద్ధులకి 14567, సైబర్ మోసాలకి 1930. ఇంట్లో చదువురాని పెద్దవాళ్లుంటే వాళ్ల ఫోన్‌లో 100ని స్పీడ్ డయల్‌లో పెట్టి, ఒకసారి చూపించండి.